ఇరవై రెండు ప్యాకెట్లున్నా రుచి ఎందుకు రాదు?

ప్రశ్న: మాది కర్నూలు. పెళ్ళయి ఏడాదయింది. అనంతపురంలో అద్దె ఇంట్లో ఉంటున్నాం, ఇద్దరం ఉద్యోగాలకు పోతాం. మొన్న వంటింట్లో మసాలా ప్యాకెట్లు లెక్కపెడితే ఇరవై రెండు తేలాయి. అయినా నేను ఏది వండినా ఒకే రుచి. మా అమ్మ ఉత్త పప్పు, చెనిక్కాయల (వేరుశనగ) పొడి పెట్టినా కమ్మగా ఉంటుంది. పోయిన నెల రెండు కిలోల కందిబ్యాళ్ళు పురుగు పట్టి పారబోశాను. సాయంత్రమైతే ఈరోజు ఏం చెయ్యాలా అని టెన్షన్. ఇంట్లో ఏవేవి పెట్టుకోవాలి, ఎంత కొనాలి, ఎట్లా దాచుకోవాలి? బియ్యం, కూరగాయలు, పాలు పోను నెలకు సరుకులకు నాలుగు వేల దాకా పెట్టగలం. అవ్వ ఇచ్చిన పాత జాడీ ఒకటుంది. నెర్రె ఇచ్చినట్టు అనుమానం. అది పనికొస్తుందా?
— ఒక పాఠకురాలు, అనంతపురం

సమాధానం:

తల్లీ, నీ ఇరవై రెండు ప్యాకెట్ల లెక్క చదివి నవ్వుకున్నాను. తర్వాత లేచి పోయి మా వంటింట్లో వెతికితే తొమ్మిది దొరికాయి. అందులో రెండు ఎప్పుడు కొన్నానో కూడా గుర్తులేదు. కాబట్టి పెద్దరికంతో మందలించే హక్కు నాకు లేదు, తెలిసింది చెప్తాను.

ముందు ఒక పని చెయ్యి. కూర మసాలా, చికెన్ మసాలా, మటన్ మసాలా, వంకాయ మసాలా, నాలుగు ప్యాకెట్లు తిప్పి వెనకాల దేంతో చేశారో చదువు. ఏది ఎక్కువ బరువుంటే దాన్ని ముందు రాయాలని నియమం. దాదాపు అన్నిట్లోనూ ధనియాలు, మిరప, పసుపు, జీలకర్ర ముందు వరసలో కనిపిస్తాయి. పేర్లు వేరు, బొమ్మలు వేరు, లోపలున్నది ఒకటే కుటుంబం. అన్నీ కలిపి వండితే ఒకే రుచి రాక ఏమొస్తుంది? పైగా అవి ఎప్పుడో, ఎక్కడో పొడి చేసినవి. ధనియంలో, జీలకర్రలో వాసన ఇచ్చేది గాలికి ఎగిరిపోయే నూనె. గింజ గట్టిగా ఉన్నంతకాలం అది లోపలే ఉంటుంది. పగిలిన క్షణం నుంచి పోతూనే ఉంటుంది. మీ అమ్మ వంటలో రహస్యం పెద్దదేమీ అయి ఉండదు. ఆమె ధనియాలు కొంటుంది, నువ్వు ధనియాల పొడి కొంటున్నావు.

నేను చెప్పదలచుకున్నది అంతే నిజానికి. గింజగా కొను, పొడిని పది పదిహేను రోజులకు సరిపడా మాత్రమే చేసుకో. ఇక మిగిలిందంతా ఏ గింజ, ఎప్పుడు, ఎక్కడ అన్న వివరమే.

నీ ఉత్తరం ఫిబ్రవరిలో రావడం మంచిదయింది. మన వైపు ఏడాది సరుకు ఇంట్లోకి చేరే కాలం ఇదే. కొత్త కందులు వచ్చేశాయి, నల్లరేగడి చేలల్లో ధనియాలు వస్తున్నాయి, మిరప కోతలు జరుగుతున్నాయి, ఇంకో నెలకు చింతపండు కొట్టడం ఊపందుకుంటుంది. ఒక్క చెనిక్కాయలు మాత్రం కార్తీకం దాకా ఆగాలి.

చెనిక్కాయల దగ్గరే మొదలుపెడతాను. కర్నూలు పిల్లవై ఉండి బుడ్డలు అనకుండా చెనిక్కాయలు అన్నావంటే అనంతపురం నీకు బాగానే వంటబట్టింది. మన వంటకు చిక్కదనం, కమ్మదనం అన్నీ దీంతోనే. పొడి అదే, చట్నీ అదే, ఊరిబిండి అదే. వంకాయ కూరలో, చిత్రాన్నంలో, పులగం పక్కన, ఎక్కడ చూసినా అదే ఉంటుంది. నువ్వున్న జిల్లా చెనిక్కాయకు పెట్టింది పేరు. కదిరిలో వ్యవసాయ పరిశోధన కేంద్రం ఉంది. రైతులు కే-సిక్స్ అని పిలిచే కదిరి-6, ఆ తర్వాత వచ్చిన కదిరి లేపాక్షి అక్కడ పుట్టిన రకాలే. ఇంత దగ్గర్లో ఉండి ప్యాకెట్ కట్టిన వేయించిన పల్లీలు కొనడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

ఖరీఫ్ పంట అక్టోబర్, నవంబర్‌లలో వస్తుంది. ఆ రోజుల్లో పల్లెల నుంచి వచ్చేవాళ్ళుంటే ఎండిన కాయలు అడిగి తెప్పించుకో. కాయ ఊపితే గలగలమనాలి. పొట్టులో ఉన్నంతకాలం గింజ చాలా నెలలు చెడదు. ఒలిచిన గింజలైతే రెండు కిలోలకు మించి ఒకేసారి కొనొద్దు. నేనొకసారి వానాకాలంలో తెలిసిన అంగడాయన మాట మీద పది కిలోలు ఒలిచిన గింజలు దింపుకున్నాను. పైన పోసినవి బాగున్నాయి. అడుగున ఉన్నవి నోట్లో వేసుకుంటే పాత నూనె కంపు. దీపాల పండగ దాకా పక్షులు కూడా ముట్టలేదు వాటిని.

ఇక్కడ ఒక్క విషయం గట్టిగా చెప్తాను. బూజు పట్టిన గింజ, నల్లబడ్డ గింజ, ముడుచుకుపోయి రంగు మారిన గింజ ఏరి పారేయి. పంట చివర్లో వాన ముఖం చాటేస్తే చెనిక్కాయకు ఒక రకం బూజు పడుతుంది. దాంట్లోంచి అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది. అది కాలేయానికి చేటు, వేయించినా పూర్తిగా పోదు. 'ఒకటి రెండు చేదుగా ఉన్నాయిలే, పొడిలో కలిసిపోతుంది' అనుకోవద్దు. చేట లేకపోతే పెద్ద పళ్ళెంలో పోసి, టీవీ చూస్తూ ఏరుకో. నీ భర్తకు కూడా రెండు చేతులున్నాయి కదా.

వారానికి అరకిలో వేయించు చాలు. సన్నటి సెగ మీద, ఓపికగా, గింజ లోపల కూడా లేత గోధుమ రంగు వచ్చేదాకా. పెద్ద మంట మీద పైపొట్టు మాడి లోపల పచ్చిగా ఉంటుంది, నువ్వు చేసే పొడికి కమ్మదనం రాకపోవడానికి సగం కారణం అదే అయి ఉంటుంది. పూర్తిగా చల్లారనిచ్చి స్టీలు డబ్బాలో పెట్టుకో. ఈ ఒక్క డబ్బా ఇంట్లో ఉంటే సాయంత్రం టెన్షన్ సగం పోతుంది. ఒక గ్లాసు గింజలకు ఆరేడు ఎండుమిరపకాయలు వేయించి, ఆరు తెల్లగడ్డ రెబ్బలు, అర చెంచా జీలకర్ర, ఉప్పు. మిక్సీని ఆపి ఆపి తిప్పు. ఒక్క బిగిన తిప్పితే నూనె ఊరి ముద్దవుతుంది, అది పొడి కాదు. జొన్నరొట్టెకు, సంగటికి, వేడన్నానికి, ఆఖరికి పెరుగన్నానికి కూడా నంచుకోవచ్చు.

మిరపకాయల సంగతికి వద్దాం. ఒకే రకం కొంటున్నావని నా అనుమానం. రంగు ఇచ్చేది వేరు, కారం ఇచ్చేది వేరు. ముడతలు పడి, ముదురు ఎరుపులో ఉండే బ్యాడిగి రకం రంగు ఇస్తుంది, వాసన ఇస్తుంది, మంట తక్కువ. ఆలూరు, ఆదోని, ఉరవకొండ వైపు రైతులు దీన్ని బాగా వేస్తారు. పండించి కర్ణాటకలోని బ్యాడిగి మార్కెట్‌కు లారీల్లో తోలుతారు. గుంటూరు సన్నం, తేజ కారానికి. ఇంట్లో వాడకానికి రెండు పాళ్ళు బ్యాడిగి, ఒక పాలు గుంటూరు కాయ కలుపుకుంటే చూడ్డానికి ఎర్రగా, తినడానికి ఒళ్ళు చెమటలు పట్టకుండా ఉంటుంది. మీ ఆయన కడప వాడైతే పాళ్ళు తిరగేసుకో.

తొడిమలతో ఉన్న కాయ కొను, తొడిమ తీస్తే గాలి, పురుగు రెండూ లోపలికి దారి చూసుకుంటాయి. తెల్లటి మచ్చలున్న తాలుకాయలు చవకగా ఇస్తామంటారు, వద్దు. విరిస్తే పెళుక్కుమనాలి, వంగిందంటే తేమ ఉంది. మీ ఇద్దరికి ఏడాదికి మూడు కిలోలు ఎక్కువే. తెచ్చాక రెండు రోజులు మిద్దె మీద ఎండబెట్టి, సాయంత్రం చల్లారాక గట్టి సంచిలో మూతి బిగించి పెట్టు. కారం మాత్రం ఒకేసారి పట్టించకు. మరలో కిలోకు తక్కువ పట్టం అంటారు, కాబట్టి పక్కింటి వాళ్ళతో కలిసి పోయి చెరి అరకిలో పంచుకో. ఆ అరకిలోలో సగం ఫ్రిజ్‌లో పెడితే రంగు దిగదు.

మిరప గురించి మాట్లాడుతుంటే నాకెప్పుడూ ఒకటి తోస్తుంది. కారం లేకుండా ముద్ద దిగదని గొప్పలు పోతాం గానీ, మిరపకాయ పోర్చుగీసు వాళ్ళ ఓడల్లో ఈ దేశం చేరింది. మన కడప జిల్లా తాళ్ళపాక అన్నమయ్య 1503లో కన్నుమూశాడు. ఆయనకు మిరపకాయ రుచి తెలిసి ఉండదు. ఆయన తిన్న చారులో ఘాటు మిరియాలదే. అందుకే మిరియాలు వంద గ్రాములు ఎప్పుడూ ఇంట్లో ఉంచుకో. జలుబు చేసినప్పుడు మాత్రమే గుర్తొచ్చే వస్తువు కాదది.

చింతపండు. హిందూపురం మార్కెట్ యార్డు చింతపండుకు పెద్ద పేరున్న చోటు. అక్కడ కరిపులి, ఫ్లవర్ అని రకాలు విడివిడిగా వేలం వేస్తారు. రెండింట్లో కరిపులికి ధర ఎక్కువ. నువ్వు హిందూపురం దాకా పోనవసరం లేదు, అనంతపురం పాతూరు అంగళ్ళలో మార్చి, ఏప్రిల్‌లో కొత్త చింతపండు దొరుకుతుంది. గింజ, ఈనెలు తీసింది కొను. గింజతో ఉన్నది చవక అనిపిస్తుంది గానీ బరువులో గింజకే డబ్బు కట్టినట్టు. చేతిలో పిసికితే మెత్తగా, కొంచెం జిగటగా ఉండాలి, నీళ్ళు చల్లినట్టు తడిగా ఉండకూడదు. నాలుగు కిలోలు ఏడాదికి సరిపోతాయి. ఒకరోజు ఎండ చూపించి, రాళ్ళ ఉప్పు పలచగా చల్లుతూ ఉండలు కట్టి, జాడీలోనో గాజు సీసాలోనో గాలి లేకుండా అదిమి పెట్టు.

అల్యూమినియం డబ్బా మాత్రం వద్దే వద్దు. కాపురం పెట్టిన కొత్తలో నేను మంచి మెరిసే డబ్బా ఉంది కదా అని మూడు కిలోలు అందులో కుక్కాను. మూడు నెలలకు తీసి చూస్తే డబ్బా గోడలకు గుంటలు పడ్డాయి, వాటికి అంటుకున్న చింతపండు బూడిద రంగుకు తిరిగింది. పులుపు లోహాన్ని తినేసింది. మా అత్త ఏమీ అనలేదు. ఆ డబ్బాను మాత్రం చాలా ఏళ్ళు అటక మీద నాకు కనపడేచోటే ఉంచింది.

ఏడాది గడిచేకొద్దీ చింతపండు నల్లబడుతుంది. అది చెడిపోయినట్టు కాదు. పాతది పులుసుకు, పులిహోరకు బాగుంటుంది. చారుకు కొత్తది, ఎర్రటిది వాడుకో. కొంచెం కొత్తదాన్ని ఫ్రిజ్‌లో దాచుకుంటే వానాకాలం దాకా చారుకు అదే రంగు.

ఇప్పుడు కందిబ్యాళ్ళు. పురుగు నీ తప్పు వల్ల పట్టలేదు, చాలాసార్లు గుడ్లు అంగట్లోనే ఉంటాయి, మన ఇంటి వేడికి పిల్లలవుతాయి. కానీ ఒకటడుగుతాను. డబ్బా అడుగున పాత పప్పు గుప్పెడు ఉండగానే దాని మీద కొత్తది పోశావా? అందరం చేసే పనే. డబ్బా ఖాళీ చేసి, అంచుల్లో మూలల్లో పిండి దులిపి, కడిగి, ఎండలో పెట్టి, అప్పుడు కొత్త పప్పు పోసుకో. తెచ్చిన పప్పును ప్యాకెట్‌తో సహా డీప్ ఫ్రీజర్‌లో నాలుగు రోజులు పెడితే గుడ్లు చస్తాయి. బయటకు తీశాక ప్యాకెట్ మామూలు వేడికి వచ్చేదాకా విప్పకు, లేదంటే చెమ్మ పడుతుంది. ఫ్రీజర్‌లో చోటు లేదంటావా, బాణలిలో సన్నటి సెగ మీద చెయ్యి కాలేదాకా వేడి చేసి చల్లార్చు. పప్పు వాసన కూడా పెరుగుతుంది. వేపాకు వెయ్యమని అందరూ చెప్తారు. ఎండినది వేస్తే వెయ్యి, పచ్చి ఆకు వేస్తే తేమ చేర్చినట్టే. నేనైతే వేపాకును నమ్మి రెండు కిలోలు వదిలిపెట్టను.

మీ ఇద్దరికి నెలకు కందిబ్యాళ్ళు కిలోన్నర, పెసరబ్యాళ్ళు అరకిలో, మినపపప్పు కిలో, శెనగబ్యాళ్ళు అరకిలో చాలు. ఉలవలు అరకిలో ఉంచుకో, చలికాలంలో ఉలవకట్టు తాగితే తెలుస్తుంది. అలసందలు ఉంటే మంచిది, లేకపోయినా ఇల్లు నడుస్తుంది.

పిండ్ల విషయంలో తేడా తెలుసుకో. రాగులు గింజగా ఏళ్ళ తరబడి చెక్కుచెదరవు, పురుగు కూడా పెద్దగా ముట్టదు. సంగటికి రాగిపిండి నెలకు కిలో పట్టించుకోవచ్చు. సజ్జపిండి అట్లా కాదు. సజ్జలో కొవ్వు ఎక్కువ, పిండి చేసిన వారం పది రోజులకే చేదెక్కుతుంది. సజ్జరొట్టె చేదుగా వచ్చిందని సజ్జల్ని తిట్టేవాళ్ళు చాలామంది, పాపం తప్పు వాటిది కాదు. జొన్నపిండి పాతబడితే రొట్టె తట్టేటప్పుడు అంచులు విరుగుతాయి. ఈ రెండూ కావలసినప్పుడు అరకిలో, కిలో పట్టించుకోవాలి. కొర్రలు ఒక కిలో తెచ్చి చూడు, నచ్చితే పెంచుకో. 2023ను చిరుధాన్యాల సంవత్సరం అన్నారు. అన్నాక అవి పట్నం అంగళ్ళలో అందమైన సంచుల్లోకి ఎక్కాయి. రైతు బజారులో, పల్లె సంతలో అడిగితే అదే గింజ మామూలు సంచిలో దొరుకుతుంది.

పసుపు కొమ్ములు కొని పట్టించుకోవడం మేలు. పొడిలో రంగు కోసం లెడ్ క్రోమేట్ కలిపిన సందర్భాలు ఉన్నాయి, అది సీసం, పిల్లల మెదడుకు హాని. కడప వైపు చుట్టాలెవరన్నా ఉంటే కొమ్ములు చెప్పి తెప్పించుకో. అరకిలో ఏడాదికి వస్తుంది. మిక్సీలో మాత్రం వెయ్యకు, బ్లేడు పోతుంది, నా అనుభవం.

జీలకర్ర, ఆవాలు వంద గ్రాములు చొప్పున, మెంతులు యాభై. నువ్వులు పావుకిలో, గురెళ్ళు (వెర్రినువ్వులు) దొరికితే వంద గ్రాములు. గురెళ్ళ కారం జొన్నరొట్టెకు ఎట్లుంటుందో కర్నూలు పిల్లవు నీకు నేను చెప్పాలా. ఎండుకొబ్బరి పొడిగా కొనొద్దు, రెండు చిప్పలు కొని అవసరమైనప్పుడు తురుముకో. వంటకు చెనిక్కాయ నూనె రెండు లీటర్లు, గానుగది అయితే చిన్న డబ్బాల్లో. బెల్లం తెల్లగా మెరిస్తే అనుమానించు, మట్టిరంగుది తీసుకో. ఇంగువ చిన్న డబ్బా ఒక్కటి. అది అఫ్గానిస్తాన్, ఇరాన్ నుంచి వచ్చే ఒక మొక్క వేరు పాలు. మనకు డబ్బాలో దొరికేది అందులో పిండి, జిగురు కలిపినదే. హిమాచల్‌లో మన శాస్త్రవేత్తలు ఆ మొక్కను మొదటిసారి నాటింది 2020లో. చిటికెడు చాలు, చారుకు ప్రాణం వస్తుంది.

ఆదివారం నాటుకోడి పులుసుకు చెక్క, లవంగం, యాలకులు, మరాఠీ మొగ్గ, గసగసాలు కావాలి. అన్నీ కలిపి వంద గ్రాములు మించకుండా తెచ్చుకో. గసగసాలు ఖరీదు, నూనె గింజ కాబట్టి తొందరగా కంపు పడతాయి కూడా. ఫ్రిజ్‌లో పెట్టు. ధనియాలు, గసగసాలు, ఎండుకొబ్బరి, చెక్కా లవంగం అప్పటికప్పుడు వేయించి నూరి పులుసులో వేసి చూడు. ఆ తర్వాత నీ చికెన్ మసాలా ప్యాకెట్ తనంతట తనే అలమరలో వెనక్కి పోతుంది.

ఇక పొడులు. రెండు వారాలకు ఒక ఆదివారం గంటసేపు పెట్టుకో. చెనిక్కాయల పొడి చెప్పాను. రెండోది పప్పుల పొడి. పుట్నాల పప్పులు ఒక గ్లాసు, అర చిప్ప ఎండుకొబ్బరి, ఎనిమిది తెల్లగడ్డ రెబ్బలు, రెండు చెంచాలు కారం, ఉప్పు. పప్పులు ముందే వేగినవి, కొంచెం వెచ్చబెడితే చాలు. ఇది ఉంటే ఉగ్గాణి పావుగంట పని. బొరుగులు నీళ్ళలో ముంచి తీసి నీళ్ళు పిండేసి, ఎర్రగడ్డ, పచ్చిమిర్చి, టమోటా తిరగమోతలో వేసి, పైన ఈ పొడి చల్లడమే. బజ్జీలు మాత్రం కింద బండి దగ్గర తెచ్చుకోండి, అన్నీ ఇంట్లోనే చెయ్యాలని రూలేం లేదు.

మూడోది చారు పొడి. ధనియాలు నాలుగు చెంచాలు, మిరియాలు రెండు, జీలకర్ర రెండు, కందిబ్యాళ్ళు రెండు, ఎండుమిర్చి నాలుగు, మెంతులు పావు చెంచా. పప్పు ముందు వేయించు, తర్వాత ధనియాలు, మిరియాలు, మిర్చి, మెంతులు. జీలకర్రను పొయ్యి ఆపేశాక ఆ వేడికి వదిలెయ్యి. అన్నీ ఒకేసారి బాణలిలో పోస్తే జీలకర్ర మాడుతుంది, పప్పు పచ్చిగా ఉంటుంది. నాలుగోది కూరకారం. వంద గ్రాముల మిర్చి, వంద ధనియాలు, పాతిక జీలకర్ర, అర చెంచా మెంతులు వేయించి కొట్టి, చివర్లో ఒక తెల్లగడ్డ, ఉప్పు వేసి ఒక తిప్పు తిప్పు. తెల్లగడ్డ తడి ఉంటుంది కనుక ఇది ఫ్రిజ్‌లోనే. బెండకాయ, దొండకాయ, ఉర్లగడ్డ, ఏ వేపుడుకైనా దించేముందు చెంచాడు చాలు.

ఎక్కడ పెట్టాలో కూడా చెప్తాను. చాలా ఇళ్ళలో మసాలాల అర పొయ్యికి సరిగ్గా పైన ఉంటుంది. చేతికి అందుతుంది నిజమే, అంతకంటే చెడ్డ చోటు లేదు. ఆవిరి, వేడి రెండూ అక్కడికే పోతాయి. కిటికీ వెలుగు తగిలే గాజు సీసాలూ అంతే, కారం రంగు వెలిసిపోతుంది. అనంతపురంలో గాలి పొడిగా ఉంటుంది, బూజు భయం కోస్తా వాళ్ళకున్నంత మనకు లేదు. కానీ మే నెలలో నలభై డిగ్రీలు దాటే ఇంట్లో నూనె గింజలు తొందరగా కంపు పడతాయి. ఏప్రిల్ నుంచి చెనిక్కాయ గింజలు, నువ్వులు, గసగసాలు ఫ్రిజ్ కింద అరలోకి మార్చు. ప్రతి డబ్బా మీద కొన్న తేదీ రాసి అంటించు. తడి చెంచా పెట్టినవాళ్ళకు ఆ పూట గిన్నెలు తోమే శిక్ష వెయ్యి, మా ఇంట్లో బాగా పనిచేసింది.

కొనకూడనివి కూడా ఉన్నాయి. కర్నూలు ఎర్రగడ్డ చవకగా వచ్చిందని సంచి దింపుకోకు. వానాకాలం పంట గడ్డలో నీరు ఎక్కువ, నిలవుండదు, వారంలో మొలకలో కుళ్ళో మొదలవుతుంది. ఎండాకాలం ముందు వచ్చే గడ్డ కాస్త ఆగుతుంది, అదీ ఐదు కిలోలు చాలు. అల్లం తెల్లగడ్డ ముద్ద సీసాలు వద్దు. బొరుగులు పెద్ద సంచి వద్దు, మెత్తబడితే ఉగ్గాణి సాగుతుంది.

నీ నాలుగు వేలలో ఇదంతా సరిపోతుంది. చింతపండు, మిర్చి, ధనియాలు ఏడాదికి ఒకేసారి కొంటావు కనుక మార్చి, ఏప్రిల్‌లో కొంచెం చెయ్యి దాటుతుంది. ఆ రెండు నెలలు ప్యాకెట్లు కొనడం ఆపితే అక్కడికక్కడే సరి. ఉన్న ఇరవై రెండింటినీ పారెయ్యకు. మూత తీసి వాసన చూడు. ముక్కుకు ఏమీ తగలనివి పక్కన పెట్టు, తగిలేవాటిలో గడువు దగ్గరున్నవి ముందు వాడెయ్యి. సాంబారు పొడి ఒకటి ఉంచుకో, దాన్ని ఇంట్లో చెయ్యడానికి నాకూ బద్ధకమే.

ఇక అవ్వ జాడీ. గోటితో అంచు మీద కొట్టు. ఖంగుమంటే ఆశ ఉంది, బొదబొదమంటే నెర్రె ఉన్నట్టు. తర్వాత నిండా నీళ్ళు పోసి, కింద పాత పేపరు పరిచి, రాత్రంతా వదిలెయ్యి. పొద్దునకు పేపరు పొడిగా ఉంటే బాగా ఎండబెట్టి ఈ ఏడు చింతపండు అందులోనే పెట్టు. తడి కనిపిస్తే మాత్రం చింతపండు, ఊరగాయ, ఉప్పు ఏవీ వద్దు, పులుపూ ఉప్పూ ఆ నెర్రెలోకి దిగుతాయి. అప్పుడు తెల్లగడ్డలు పోసి పొయ్యికి దూరంగా ఒక మూల పెట్టు. మూత వెయ్యకు, వాటికి గాలి తగలాలి.